కంపెనీ డబ్బులిస్తేనే ఇంటావిడకి థ్యాంక్స్ చెప్పాలా?

కొబ్బరితోట_కోడర్
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం. ఖాళీ దొరికినప్పుడు ఫోన్లు, ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు తెచ్చి, వాడి, విప్పి చూసి తెలుగులో వీడియోలు పెడుతుంటాను. ఛానెల్‌కి 38 వేల మంది ఉన్నారు. పెద్ద సంఖ్య కాదు గానీ ఈమధ్య కంపెనీల వాళ్లు మెయిళ్లు పెట్టడం మొదలెట్టారు.

పోయిన వారం ఒక కంపెనీ ఇల్లు ఊడ్చే రోబో, మా పాపకి జీపీఎస్ వాచీ పంపింది. రెండూ మనమే ఉంచేసుకోవచ్చట, పైన 25 వేలు. బదులుగా మదర్స్ డేకి 'మా ఇంటి మహాలక్ష్మికి థ్యాంక్స్' అని 4 నిమిషాల వీడియో చెయ్యాలి. స్క్రిప్టు వాళ్లే రాశారు. నేను మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, 'ఈ రోబో వచ్చాక నీ నడుం నొప్పి తగ్గింది, నీకంటూ కాస్త టైము దొరికింది, ఇన్నేళ్ల నీ కష్టానికి ఇదే నా కృతజ్ఞత' అనాలి. ఆవిడ కళ్లు తుడుచుకోవాలి. పాప వెనక నుంచి పరిగెత్తుకొచ్చి వాచీ చూపించాలి.

రాత్రి వంటింట్లో ఆవిడకి చదివి వినిపించాను. పప్పు మెదుపుతూ మొత్తం వింది. 'నా నడుం నొప్పి తగ్గిందని ఆ కంపెనీ వాళ్లకి ఎవరు చెప్పారండి? నాకింకా తెలీదే' అంది. కాసేపాగి, 'పెళ్లయి 11 ఏళ్లయింది. ఇందులో ఒక్క ముక్క మీరు ఊరికే అని ఉంటే నేనూ ఊరికే ఏడ్చేదాన్ని' అని పప్పుగుత్తి గిన్నెలోనే వదిలేసి వెళ్లిపోయింది.

25 వేలంటే పాప స్కూలు ఫీజు ఒక టర్ముకి సరిపోతుంది. చెయ్యమంటారా, మానెయ్యమంటారా?

పూతరేకు_పొర
ముందు ఆ పప్పు సంగతి తేల్చండి. ఎవరు మెదిపారు?

కొబ్బరితోట_కోడర్
నేనే మెదిపాను. ఉప్పు కూడా నేనే ఎక్కువేశాను.

అత్తిలి_అమ్మాయి
మీ ఆవిడ మాటలో తప్పేముంది? మా ఇంట్లో జరిగింది చెబుతాను. మొన్న పెళ్లిరోజుకి మా ఆయన ఫేస్‌బుక్‌లో నా గురించి పన్నెండు లైన్లు రాశారు. 'నా జీవన నౌకకి చుక్కాని' అనీ ఏదో. 300 లైకులు. అవన్నీ లెక్కపెట్టుకుంటూ హాల్లోంచి 'కాఫీ అయ్యిందా' అని కేకేశారు. చుక్కాని వెళ్లి కాఫీ కలిపింది.

మీది అంతకంటే ఒక మెట్టు పైన. మా ఆయనకి లైకులే వచ్చాయి, మీకు డబ్బులొస్తున్నాయి.

తణుకు_కుర్రాడు
నాకైతే ఇందులో ఇంత ఆలోచించాల్సిందేం కనపడట్లేదు. సబ్బు యాడ్‌లో నవ్వే అమ్మ నిజంగా ఆ సబ్బు వల్లే నవ్వుతోందని ఎవరైనా నమ్ముతున్నారా? అది యాడ్ అని అందరికీ తెలుసు. 'పెయిడ్' అని టిక్కు పెట్టండి, నాలుగు నిమిషాలు నటించండి, డబ్బులు సగం వదినగారి అకౌంట్లో వెయ్యండి. అదే అసలైన థ్యాంక్స్.

అత్తిలి_అమ్మాయి
@తణుకు_కుర్రాడు సబ్బు యాడ్‌లో ఉన్నావిడ ఎవరి పెళ్లామో మనకి తెలీదు. ఈవిడ రేపు చుట్టాల పెళ్లికి వెళ్తే 'నడుం నొప్పి తగ్గిందటగా' అని పదిమంది అడుగుతారు.

మండపేట_టు_డాలస్
ఇంతకీ మదర్స్ డే అంటున్నారు కదా, వీడియో అమ్మగారి మీద కదండీ చెయ్యాలి? భార్యకి మహాలక్ష్మి అని బిరుదిస్తే అత్తగారు ఊరుకుంటారా?

కొబ్బరితోట_కోడర్
ఊరుకోలేదు. 'మరి నేనెవర్ని రా, పాత కాలం రోబోనా' అంది.

లెక్కల_మాస్టారు_కాదు
నేను ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఎవరూ ఎత్తని విషయం ఎత్తుతున్నాను. ఫ్రీగా వచ్చిన వస్తువు ఫ్రీ కాదు. 2022 జులై 1 నుంచి 194ఆర్ అని ఒక సెక్షన్ వచ్చింది. వృత్తి, వ్యాపారాల్లో ఒక కంపెనీ మీకిచ్చే వస్తువులు, సదుపాయాల విలువ ఏడాదిలో 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లు ముందే పట్టుకుని కట్టే ట్యాక్సు, కట్టాల్సిందే. మీ రోబో, వాచీ కలిపితే ఆ గీత దాటొచ్చు. వస్తువు మీద టీడీఎస్ అంటే దానిలోంచి కోసి తీసుకోలేరు కదా, కాబట్టి ఆ ట్యాక్సు ఎవరు కట్టారో ముందే తేల్చుకోవాలి. వాడి, రివ్యూ చేసి, తిరిగిచ్చేస్తే అది మీ ఆదాయం కిందకి రాదు. ఉంచుకుంటేనే వస్తుంది. 25 వేలు వేరే లెక్క, అది మామూలు ఆదాయమే, రిటర్నులో చూపించాలి.

'గిఫ్టు సార్' అని వాళ్లు మెయిల్లో రాసినా సరే, పని చేయించుకుని ఇచ్చింది గిఫ్టు అవదు.

పూతరేకు_పొర
అంటే మా ఆవిడ వండి పెట్టింది కూడా గిఫ్టు కాదన్నమాట.

లెక్కల_మాస్టారు_కాదు
దాని విలువ 20 వేలు దాటుతుందని మీరే ఒప్పుకుంటే ఫారం పంపిస్తాను.

కాలవగట్టు_కబుర్లు
టిక్కు పెడితే అయిపోతుందన్న తమ్ముడి కోసం. యూట్యూబ్‌లో ఆ టిక్కు పెడితే మొదట్లో 10 సెకన్లు ఒక చిన్న చీటీ కనిపించి మాయమవుతుంది. మన ప్రభుత్వం 2023 జనవరిలో ఇన్‌ఫ్లూయెన్సర్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు అంతకంటే ఎక్కువే అడుగుతున్నాయి. వీడియో అయితే చెప్పాల్సింది కింద డిస్క్రిప్షన్‌లో పడేస్తే చాలదు, వీడియోలోనే కనపడాలి, వినపడాలి. ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు.

ఇంకోటి. వాళ్లు 'మెటీరియల్ కనెక్షన్' అంటారు, అంటే కంపెనీకీ మనకీ మధ్య ఉన్న లంకె. డబ్బు, ఫ్రీ వస్తువు, ట్రిప్పులే కాదు, చుట్టరికం కూడా అందులోకే వస్తుంది. మన బావగారి కంపెనీని పొగిడినా చెప్పి పొగడాలి.

అన్నిటికంటే పెద్దది నడుం నొప్పి. 2022 జూన్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎండార్స్‌మెంట్ అంటే వస్తువుని మెచ్చుకుని చెప్పే మాట, అది చెప్పేవాళ్ల నిజమైన అభిప్రాయం అయి ఉండాలి, ఆ వస్తువు గురించి తెలిసి చెప్పాలి. తగ్గని నొప్పి తగ్గిందంటే నటన అనరు, తప్పుదారి పట్టించడం అంటారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మొదటిసారికి జరిమానా 10 లక్షల దాకా వెయ్యొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఎండార్స్ చేసినవాళ్లని ఏడాది పాటు ప్రకటనల్లోనే కనపడకుండా ఆపొచ్చు. 38 వేల ఛానెల్ మీదకి ఎవరొస్తారులే అనుకోవచ్చు, అది వేరే సంగతి.

తణుకు_కుర్రాడు
నడుం నొప్పి లైన్ తీసేసి చెయ్యమనండి, సరిపోతుంది. దానికి జైలూ జరిమానా అని భయపెడితే పల్లెటూళ్లలో ఛానెళ్లు పెట్టుకున్నవాళ్లు ఏం తిని బతకాలి? సినిమా హీరోలు ఏది పడితే అది చేస్తుంటే ఎవరూ మాట్లాడరు.

కాలవగట్టు_కబుర్లు
జైలు అని నేనెక్కడా అనలేదు బాబూ. పైకి స్క్రోల్ చెయ్యి.

ఆరెకరాల_చెరువు
నేను ఉండి అనే ఊరి దగ్గర చెరువులో వనామీ రొయ్య వేస్తాను. ఇలాంటి పని ఒకసారి చేశాను, అది చెబుతాను, నచ్చితే పనికొస్తుంది.

మూడేళ్ల కిందట ఒక కంపెనీ ఏజెంటు నాకు డీవో మీటరు ఫ్రీగా ఇచ్చాడు. చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మీటరు, ఫోన్‌కి కూడా లెక్క వస్తుంది. మూడు రోజులు వాడాను, బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువు గట్టు మీద నిలబెట్టి వీడియో తీశాడు. 'రైతు సోదరులారా, నేను ఇప్పుడు రాత్రిళ్లు నిశ్చింతగా నిద్రపోతున్నాను' అని చెప్పాను. మా చుట్టుపక్కల అయిదారుగురు కొన్నారు.

నెల తిరక్కుండా ప్రోబుకి పాచి పట్టింది. మీటరు 6 చూపిస్తోంది, అసలు 4 కూడా లేదు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకే బాగా పడిపోతుంది. మా పక్క చెరువాయన ఫోన్‌లో 6 చూసుకుని పడుకున్నాడు. లేచేసరికి రొయ్యలన్నీ పైకి తేలి గట్టు పట్టేశాయి. కొంత దక్కింది, కొంత పోయింది.

మీటరు చెడ్డదని నేననను. వారానికి రెండుసార్లు ప్రోబు తీసి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఈరోజుకీ బాగానే చూపిస్తుంది. ఆ సంగతి మూడు రోజులు వాడినోడికి ఎలా తెలుస్తుంది? నేను అబద్ధం చెప్పలేదు, మూడు రోజుల మీద ఎంత తెలుసో అంతే చెప్పాను. పక్కాయన నన్ను ఏమీ అనలేదు కూడా. కానీ ఏడాదిపాటు టీ కొట్టు దగ్గర నేను వెళ్తే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. మీ వీడియో చూసేవాళ్లు ఎక్కడో ఉంటారు. నా వీడియో చూసినోళ్లు నా గట్టు పక్కనే ఉన్నారు.

ఇక నిశ్చింతగా నిద్ర అన్నాను కదా. కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే మొబైల్ స్టార్టరు నుంచి ఫోన్ వస్తుంది. రాత్రి రెండింటికి వచ్చినా వస్తుంది. నాది మొద్దు నిద్ర. ఆ ఫోన్ ఎత్తేది మా ఆవిడ. నన్ను కుదిపి లేపేది ఆవిడే, నేను లేచేలోపు జనరేటరు వేయించేదీ ఆవిడే. ఆ వీడియోలో ఆవిడ పేరు లేదు, మీటరు పేరు ఉంది.

అత్తిలి_అమ్మాయి
ఆఖరి లైన్ మా ఆయనకి పంపించాను.

పూతరేకు_పొర
ఆయన ఏమన్నారు?

అత్తిలి_అమ్మాయి
బొటనవేలు గుర్తు పెట్టారు. కాఫీ అడగలేదు, అదొకటి.

పంటుమీద_పంతులమ్మ
అందరూ రోబో చుట్టూ తిరుగుతున్నారు, పాప వాచీ సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

నేను సఖినేటిపల్లి వైపు టీచర్ని, రోజూ నరసాపురం నుంచి గోదావరి దాటించే పంటు మీద వస్తాను. పోయినేడు మా క్లాసులో ఒక అబ్బాయికి ఇలాంటి వాచీయే కొన్నారు. ఒకరోజు సాయంత్రం వాళ్ల నాన్న నాకు ఫోన్ చేసి ఒకటే కంగారు, 'టీచరుగారూ, మావాడు గోదావరి మధ్యలో ఉన్నాడని చూపిస్తోంది' అని. ఉండడా మరి, నా పక్కనే పంటు మీద నిలబడి జామకాయ తింటున్నాడు.

నవ్వులాటకి చెప్పాను గానీ అసలు సంగతి వేరే. కొన్ని వాచీల్లో తల్లిదండ్రులు ఫోన్ చేస్తే పిల్లలకి తెలియకుండా అటువైపు మాటలన్నీ వినపడే ఏర్పాటు ఉంటుంది. అంటే క్లాసులో నేను చెప్పేదీ, పక్క పిల్లలు మాట్లాడుకునేదీ అన్నీ. జర్మనీ వాళ్లు ఇలా వినే వాచీలని 2017లోనే నిషేధించారు, కొన్నవాళ్లని పగలగొట్టి పడెయ్యమన్నారు. మీది ఏ రకమో చూసుకోండి. చూడకుండా పాప చేతికి కట్టి వీడియోలో చూపిస్తే ఇంకో వెయ్యిమంది తల్లిదండ్రులు కొంటారు.

మన దగ్గర 2023లో వచ్చిన డేటా చట్టంలో 18 నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. మీ కేసులో ఒప్పుకునేదీ మీరే, డబ్బు తీసుకునేదీ మీరే. పాపని ఎవరైనా అడిగారా?

కొబ్బరితోట_కోడర్
@పంటుమీద_పంతులమ్మ అడగలేదండి. మీరు రాశాక అడిగాను. 'వాచీ కావాలి, వీడియో వద్దు, క్లాసులో ఏడిపిస్తారు' అంది. దానికి తొమ్మిదేళ్లు.

వాచీ విప్పి సెట్టింగులు చూశాను. మీరన్నట్టే 'గార్డియన్ లిజన్' అని ఒక బటన్ ఉంది, వచ్చినప్పటి నుంచే ఆన్‌లో ఉంది. ఇన్ని వీడియోలు చేసినవాడిని, పెట్టె తెరిచిన రోజు ఇది చూడలేదు. రంగు బాగుందని చూశాను.

మండపేట_టు_డాలస్
పంతులమ్మగారూ, జామకాయ దగ్గర ఆగిపోయాను. ఇక్కడ మా వాడికి స్కూలు బస్సు ఎక్కడుందో యాప్‌లో చుక్క కనపడుతుంది. చుక్కని చూస్తూ కూర్చుంటాం, వాడితో మాట్లాడేది తక్కువ.

మా అమ్మకి మండపేటలో పోయినసారి మాటలతో పనిచేసే స్పీకరు కొనిచ్చాను. వాడుతున్నావా అంటే 'ఆ, దాని మీద పూలసజ్జ పెట్టుకుంటున్నాను' అంది. అమ్మకి నిజంగా పనికొచ్చింది ఒక్కటే, చెవి మిషను. దానికి ఏ కంపెనీ నాకు వీడియో చెయ్యమనలేదు.

తణుకు_కుర్రాడు
సరే, ఒప్పుకుంటున్నా, పాపని పెట్టొద్దు. కానీ ఒక మాట. అన్న ఉద్యోగం ఉన్నవాడు కాబట్టి వద్దనుకోగలడు. నాకు ఉద్యోగం లేదు, ఫోన్ కవర్లు చూపించినందుకు 1500 ఇస్తే వచ్చే నెల డేటా రీచార్జి అయిపోతుంది. నిజాయితీ గురించి చెప్పేవాళ్లందరికీ నెల మొదట్లో జీతం పడుతోంది, గమనించారా?

ఆరెకరాల_చెరువు
నాకు జీతం లేదు తమ్ముడూ. రేటు పడిపోతే నెల కూడా లేదు. ఆ మీటరు నాకు ఊరికే ఇచ్చారు, దాని ధర కంటే పక్కాయనతో మాట పోవడం ఎక్కువైంది. కవర్లు చూపించు, కవరు జారుతుందో లేదో కూడా చెప్పు. వాళ్లు వద్దంటే నీకే తెలుస్తుంది అది ఎలాంటి కవరో.

మోడరేటర్
ఎవరూ కంపెనీల పేర్లు రాయొద్దు. ఇద్దరు రాశారు, తీసేశాను. మిగతాది కానివ్వండి.

కాలవగట్టు_కబుర్లు
రోబో అసలు పనిచేస్తోందా? ఆ ముక్క ఎవరూ అడగలేదు.

కొబ్బరితోట_కోడర్
అడిగారు కాబట్టి చెబుతాను, వారం నుంచి రోజూ దాని వెనకే తిరుగుతున్నాను.

మాది తాతగారి కాలం మండువా ఇల్లు. ఎర్ర గచ్చు, గదికి చుట్టూ జానెడు వెడల్పు నల్ల బోర్డరు. రోబో అడుగున ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి. నేల మీదకి వెలుగు కొట్టి, అది తిరిగొస్తోందా లేదా అని చూస్తుంటాయి. మెట్టు అంచుకి వస్తే వెలుగు తిరిగి రాదు, అప్పుడు గొయ్యి ఉందనుకుని వెనక్కి తిరుగుతుంది. మండువా అంచున అదే కాపాడింది, లేకపోతే వాన నీళ్లలో పడేది. చిక్కేంటంటే నల్ల రంగు కూడా వెలుగుని మింగేస్తుంది. దాంతో మా నల్ల బోర్డరంతా దానికి గొయ్యే. గది మధ్యలో ఎర్ర గచ్చు మీద అటూ ఇటూ తిరిగి, గోడ పక్కన దుమ్ము దుమ్ముగానే వదిలేసి, 'శుభ్రం పూర్తయింది' అని ఆడగొంతుతో చెబుతోంది. ఆ గొంతు వినపడితే మా అమ్మ 'అయ్యింది, మా తల్లే' అంటోంది.

గడపలు దాటలేదు. మాకు ఏడు గదులు, ఏడు గడపలు. ఎత్తి పెట్టాల్సింది మా ఆవిడే, అంటే నడుం వంచాలి. రెండోరోజు కొబ్బరి పీచు బ్రష్షుకి చుట్టుకుని ఆగిపోయింది. కత్తెరతో కోసి తీయడానికి ముప్పావుగంట. మూడోరోజు దేవుడి గది ముందు ముగ్గుని అంచుల నుంచి మొదలెట్టి చక్కగా తినేసింది. ఆరోజు అమ్మ దాన్ని చీపురు తిరగేసి కొట్టింది. అది మళ్లీ 'అడ్డంకి గుర్తించబడింది' అంది.

అపార్ట్‌మెంట్‌లో తెల్ల టైల్సు, గడపలు లేని ఇల్లయితే ఇదే రోబో బాగా చేస్తుంది, అందులో అనుమానం లేదు. రాజమండ్రిలో మా బావమరిది ఫ్లాటుకి పట్టుకెళ్లి చూశాను, మంచం కింద దుమ్ము మొత్తం తీసింది.

లెక్కల_మాస్టారు_కాదు
'అడ్డంకి గుర్తించబడింది' అన్న దగ్గర టీ ఒలికింది. కీబోర్డు ఖర్చు ఎవరి మీద వెయ్యాలి?

పూతరేకు_పొర
అమ్మగారు చీపురు తిరగేసి కొట్టడం మీద వీడియో చెయ్యండి. అదే మదర్స్ డే.

అత్తిలి_అమ్మాయి
మొత్తానికి మీ ఆవిడ ఏమంటున్నారు ఇప్పుడు?

కొబ్బరితోట_కోడర్
'వీడియో చేసుకోండి, నా పేరు, నా నడుం రెండూ వాడొద్దు' అంది. అది కంపెనీ వాళ్లకి రాశాను. నల్ల బోర్డరు, గడపల సంగతీ చూపిస్తానన్నాను. గంటలో జవాబొచ్చింది. 'సార్, ఫీచర్లు అందరూ చెబుతారు, మాకు ఫ్యామిలీ ఎమోషన్ కావాలి' అని. 25 కి బదులు 30 ఇస్తారట.

తణుకు_కుర్రాడు
30 అంటే నా మనసు కూడా కాస్త ఊగింది, అబద్ధం ఎందుకు.

కొబ్బరితోట_కోడర్
నాదీ ఊగింది. ఒక రాత్రంతా ఊగింది.

పొద్దున్నే అయిదున్నరకి లేచి వాకిట్లోకి వస్తే ఆవిడ ఊడుస్తోంది. కొబ్బరి ఈనెల చీపురు, మూరెడు పొడవు. వాకిలి మొత్తం, కళ్లం పక్కన కొబ్బరి మట్టలు రాలిన చోటు, అటు పశువుల పాక దాకా. వంగి మొదలెట్టింది, వంగే ఉంది. నడుం ఎత్తింది రెండుసార్లే, రెండుసార్లూ ఎడం చెయ్యి నడుం మీద పెట్టుకుంది. నేను లెక్కపెడుతూ నిలబడ్డాను. పదకొండేళ్లుగా ఆ టైముకి నేను నిద్రలో ఉంటాను. ఇంట్లోపల గచ్చు ఊడవడం కాదండీ నొప్పి, ఈ వాకిలి. రోబో ఇక్కడికి రాదు, వచ్చినా మట్టిలో పనికిరాదు.

రోబోనీ, వాచీనీ పెట్టెల్లో సర్ది కొరియర్‌లో తిరిగి పంపేశాను. పాప రెండ్రోజులు అలిగింది.

మోటారు రిపేరుకి తెచ్చిన పీవీసీ పైపు ముక్క కొట్టంలో ఉంది, ఒకించుది, మూడున్నర అడుగులు. దానికి రెండించుల నుంచి ఒకించుకి దిగే రెడ్యూసర్ తగిలించి, అందులో చీపురు మొదలు దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. మొదటిసారి కట్టింది ఊడింది. రెండోసారి రెడ్యూసర్ పక్క నుంచి స్క్రూ దించాను, నిలబడింది. నిలువుగా నిలబడి ఊడవొచ్చు.

ఆరెకరాల_చెరువు
ఆవిడ ఏమన్నారు?

కొబ్బరితోట_కోడర్
నాలుగుసార్లు ఊడ్చి చూసి 'ఇంకో జానెడు కొయ్యండి, పొడుగెక్కువైంది' అంది. కోశాను. థ్యాంక్స్ నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. పప్పు మాత్రం ఆవిడే మెదిపింది.

పంటుమీద_పంతులమ్మ
ఆ రెడ్యూసర్ కొలత మళ్లీ చెప్పండి, మా స్కూల్లో ఊడ్చే ఆయమ్మకి ఒకటి చేయిస్తాను.

కొబ్బరితోట_కోడర్
ఆ వైపు రెండించులు, ఈ వైపు ఒకించు. చీపురు లావుగా ఉంటే మొదలు దగ్గర కొన్ని ఈనెలు తీసెయ్యండి. స్క్రూ ముప్పావు అంగుళం చాలు.

తణుకు_కుర్రాడు
ఇది పెయిడ్ పార్టనర్‌షిప్ కాదు కదా అన్నా?

కొబ్బరితోట_కోడర్
పైపు, రెడ్యూసర్ రెండూ మా ఇంకో బావమరిది హార్డ్‌వేర్ షాపులోంచి ఊరికే తెచ్చినవి. కాలవగట్టు గారు చెప్పినట్టు మెటీరియల్ కనెక్షన్ ఉంది, తెలుగులోనే చెబుతున్నాను.

లెక్కల_మాస్టారు_కాదు
20 వేలు దాటలేదు. టీడీఎస్ లేదు.